మాలాక్ చేసిన అడ్రస్ పక్క ప్రాసెస్‌కి ఎందుకు పనికిరాదు? షేర్డ్ మెమరీ ఎలా తీసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ ప్రాజెక్టులో ఒక ప్రోగ్రామ్ లెక్కలు కడుతుంది, ఇంకోటి వాటిని స్క్రీన్ మీద చూపిస్తుంది. మొదటిదాంట్లో మాలాక్‌తో, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీ అడిగే సీ ఫంక్షన్‌తో, మెమరీ తీసుకుని, ఆ పాయింటర్‌ని (ఆ మెమరీ అడ్రస్‌ని) పైప్ ద్వారా రెండోదానికి పంపారు, అది సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో పడిపోయింది. తర్వాత ల్యాబ్ మాన్యువల్ చూసి షమ్‌గెట్ (ప్రోగ్రాముల మధ్య ఉమ్మడి మెమరీ అడిగే పాత పద్ధతి) వాడితే పనిచేసింది గానీ మర్నాడు నడిపితే నిన్నటి విలువలే కనిపించాయి. షమ్‌గెట్ వాడాలా ఎమ్‌మ్యాప్ వాడాలా, అసలు ఆపరేటింగ్ సిస్టమ్ ఈ మెమరీని ఎలా ఇస్తుంది అని ప్రశ్న.

ముందు సూటి సమాధానం. లినక్స్ మీద కొత్తగా రాస్తున్న కోడ్ అయితే షమ్_ఓపెన్ (పేరుతో తెరవడం), ఎఫ్‌ట్రంకేట్ (సైజు పెట్టడం), ఎమ్‌మ్యాప్ (ఆ మెమరీని మీ ప్రోగ్రామ్ అడ్రస్‌లకి తగిలించుకోవడం), ఈ మూడూ ఇదే వరుసలో వాడండి. రెండూ తల్లి పిల్ల ప్రాసెస్‌లైతే (ప్రాసెస్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్), అంటే ఒకటి ఫోర్క్ చేస్తే ఇంకోటి పుట్టేదైతే, పేరు కూడా అక్కర్లేదు, ఫోర్క్‌కి ముందే ఎమ్‌మ్యాప్‌కి షేర్డ్, అనానిమస్ అనే రెండు ఫ్లాగులూ ఇచ్చి పిలిస్తే చాలు. షమ్‌గెట్ పాత కోడ్‌ని నడిపించాల్సి వచ్చినప్పుడు వాడండి. అయితే ఏది వాడినా మెమరీ తీసుకోవడం నాలుగు లైన్ల పనే. దాన్ని ఎవరు సృష్టిస్తారు, ఎవరు తీసేస్తారు, మధ్యలో ఒక ప్రాసెస్ చచ్చిపోతే మిగతావి ఏం చేస్తాయి అన్నది కోడ్ మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి. నేను విజయవాడలో ఉంటూ గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలకీ లారీ కాటాలకీ సాఫ్ట్‌వేర్ రాస్తాను. షేర్డ్ మెమరీతో నేను పడ్డ తిప్పలన్నీ ఈ మూడు ప్రశ్నల దగ్గరే పడ్డాను.

ఇక మీ పాయింటర్ సంగతి. గుంటూరులో ఎవరైనా "4/14" అని అడ్రస్ చెబితే మీరు వెంటనే "బ్రాడీపేటా, అరండల్‌పేటా" అని అడుగుతారు కదా, ఎందుకంటే రెండు పేటల్లోనూ లైన్లకీ అడ్డరోడ్లకీ నంబర్లే, పేట తెలియకపోతే ఆ నంబర్‌తో ఇల్లు దొరకదు. ప్రాసెస్ అడ్రస్‌లూ అంతే. మాలాక్ మీకిచ్చింది వర్చువల్ అడ్రస్, అది ఆ ప్రాసెస్ అనే పేటలోనే చెల్లుతుంది. ప్రతి ప్రాసెస్‌కీ కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, విడిగా ఒక పేజ్ టేబుల్ పెడుతుంది, ఫలానా వర్చువల్ పేజీ ర్యామ్‌లో ఫలానా చోట ఉందని అందులో రాసి ఉంటుంది. మీ రెండో ప్రోగ్రామ్ పేజ్ టేబుల్లో ఆ నంబర్‌కి ఎదురుగా ఏమీ లేదు, అందుకే ప్రాసెసర్ ఫాల్ట్ ఇచ్చింది, కెర్నెల్ ప్రోగ్రామ్‌ని చంపేసింది. నిజానికి అలా పడిపోవడమే మీకు మేలు చేసింది. అదే నంబర్‌కి అక్కడ ఇంకేదైనా మ్యాప్ అయి ఉంటే చెత్త విలువలు చదివి, అవే సరైనవని మీరు అనుకునేవారు.

షేర్డ్ మెమరీ అంటే ఈ పేజ్ టేబుళ్లలో కెర్నెల్ చేసే ఒక చిన్న ఏర్పాటు. ర్యామ్‌లో ఉన్న అవే పేజీలకి రెండు ప్రాసెస్‌ల టేబుళ్ల నుంచీ దారి వేస్తుంది, అంతే. డేటా కాపీ అవ్వడం ఉండదు, ఒకసారి మ్యాప్ అయ్యాక చదవడానికీ రాయడానికీ సిస్టమ్ కాల్ కూడా ఉండదు, దీనికున్న వేగమంతా అక్కడినుంచే వస్తుంది. పైప్ అయితే రాసేటప్పుడు ఒకసారి కెర్నెల్లోకి, చదివేటప్పుడు ఒకసారి బయటికి, రెండుసార్లు కాపీ.

ఇక్కడ ఇంకో సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి: అడిగిన వెంటనే కెర్నెల్ ర్యామ్ ఇవ్వదు. మీరు 100 ఎంబీ అడిగితే "సరే, నీకు 100 ఎంబీ అడ్రస్‌లు ఉన్నాయి" అని లెక్క రాసుకుంటుంది. మీరు ఒక పేజీని మొదటిసారి తాకినప్పుడు, అంటే మామూలు పీసీల్లో 4096 బైట్ల ముక్కని, అప్పుడు పేజ్ ఫాల్ట్ వస్తుంది, అప్పుడు సున్నాలతో నింపిన పేజీ ఒకటి తెచ్చి తగిలిస్తుంది. దీనివల్ల ఏం ముంచుకొస్తుందో కింద నా అనుభవంలోనే చెబుతాను.

ఫోర్క్ చేశాక గ్లోబల్ వేరియబుల్స్ రెండు ప్రాసెస్‌లకీ ఉమ్మడి అనుకునేవాళ్లు కూడా చాలామంది. కాదు. ఫోర్క్ అయిన క్షణంలో పేజీలు ఒకటే, కానీ ఎవరైనా రాయబోతే కెర్నెల్ ఆ పేజీకి విడి కాపీ చేసి ఇస్తుంది. ఎమ్‌మ్యాప్‌లో ప్రైవేట్ అని ఇస్తే జరిగేదీ ఇదే, షేర్డ్ అని ఇస్తేనే ఒకరు రాసింది ఇంకొకరికి కనిపిస్తుంది. నాకు వచ్చిన సందేహాల్లో సగం ఈ ఒక్క ఫ్లాగ్ తప్పు ఇవ్వడం వల్లే.

మూడు మెట్లూ ఎలా ఎక్కాలో చెబుతాను. షమ్_ఓపెన్‌కి స్లాష్‌తో మొదలయ్యే ఒక పేరు ఇస్తారు, అది ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచినదానికి గుర్తుగా కెర్నెల్ ఇచ్చే అంకె) తిరిగి ఇస్తుంది. లినక్స్‌లో ఆ పేరుతో /డెవ్/షమ్ అనే డైరెక్టరీలో ఫైల్‌లా కనిపిస్తుంది, కానీ అది ఉండేది డిస్క్ మీద కాదు, మెమరీలో. కొత్తగా పుట్టినప్పుడు దాని సైజు సున్నా. చాలామంది ఇది మర్చిపోయి నేరుగా ఎమ్‌మ్యాప్ చేస్తారు, ఎమ్‌మ్యాప్ కూడా ఏ ఎర్రర్ లేకుండా పోతుంది, మొదటి బైట్ తాకగానే బస్ ఎర్రర్ వస్తుంది. అందుకే మధ్యలో ఎఫ్‌ట్రంకేట్‌తో సైజు పెట్టాలి. ఎమ్‌మ్యాప్ అయ్యాక డిస్క్రిప్టర్ మూసేయొచ్చు, మ్యాపింగ్‌కి ఏమీ కాదు.

సృష్టించే పని ఒక్క ప్రాసెస్‌కే అప్పజెప్పండి. అది క్రియేట్, ఎక్స్‌క్లూజివ్ ఫ్లాగులు రెండూ ఇచ్చి తెరవాలి, మిగతావి ఆ ఫ్లాగులు లేకుండా తెరవాలి. అప్పుడు కూడా ఒక సందు మిగిలే ఉంటుంది: సృష్టించినవాడు పేరు పెట్టాడు గానీ సైజు ఇంకా పెట్టలేదు, సరిగ్గా ఆ లోపు రెండోవాడు తెరిచాడనుకోండి, వాడికి సున్నా సైజు దొరుకుతుంది. కాబట్టి తెరిచినవాడు ఎఫ్‌స్టాట్‌తో సైజు చూసుకోవాలి, తక్కువ ఉంటే కాస్త ఆగి మళ్లీ చూడాలి. సైజు సరిపోయినా లోపల డేటా సిద్ధమైందో లేదో తెలియదు, అందుకని మొదట్లో "సిద్ధం" అనే అటామిక్ (సగం రాసినట్టు ఎవరికీ కనిపించని) అంకె ఒకటి పెట్టి, మిగతాదంతా నింపాక చివరగా దాన్ని రాయాలి. పర్మిషన్లు 0600 ఇవ్వండి, అంటే చదవడం, రాయడం మీ యూజర్‌కి మాత్రమే. ల్యాబ్ మాన్యువళ్లలో కనిపించే 0666 ఇస్తే ఆ మెషీన్ మీద ఎవరైనా చదవగలరు.

ఇప్పుడు ఇందాక చెప్తానన్న సంగతి. ఒక లారీ కాటా దగ్గర కెమెరా పెట్టి నంబర్ ప్లేటు చదివే పని చేశాను. కెమెరా ప్రాసెస్ ఫ్రేములు రాస్తుంది, ప్లేటు చదివే ప్రాసెస్ వాటిని తీసుకుంటుంది. ఒక ఫ్రేమ్ 1920 ఇంటూ 1080, పిక్సెల్‌కి 3 బైట్లు, అంటే 62,20,800 బైట్లు. పది ఫ్రేములకి చోటు పెట్టాం, నెలల తరబడి ఇబ్బంది లేకుండా నడిచింది. రాత్రిపూట లైటింగ్ తక్కువై ప్లేటు చదవడం ఆలస్యమవుతోందని పన్నెండు చేశాను. నా ల్యాప్‌టాప్‌లో పనిచేసింది, కాటా దగ్గర పెట్టిన కొద్ది సేపటికే బస్ ఎర్రర్‌తో పడిపోయింది, మళ్లీ లేపితే మళ్లీ పడింది. బయట లారీలు క్యూలో ఉన్నాయి, కాటా గుమాస్తా చేత్తో నంబర్లు రాసుకుంటున్నాడు, నాకు టెన్షన్. ఎఫ్‌ట్రంకేట్ సక్సెస్ అంటోంది, ఎమ్‌మ్యాప్ సక్సెస్ అంటోంది.

కారణం ఏంటంటే అక్కడ ప్రోగ్రామ్ డాకర్ కంటైనర్‌లో, అంటే మిగతా సిస్టమ్ నుంచి విడదీసి నడిపే డబ్బా లాంటి దాంట్లో, నడుస్తోంది. డాకర్ ఏమీ చెప్పకపోతే కంటైనర్‌లో /డెవ్/షమ్‌కి 64 ఎంబీ మాత్రమే ఇస్తుంది, అంటే 6,71,08,864 బైట్లు. పది ఫ్రేములు 6,22,08,000, అందులో పట్టాయి. పన్నెండు 7,46,49,600, పట్టవు. ఎఫ్‌ట్రంకేట్ సైజు అంకె రాసుకుంటుందే తప్ప పేజీలు తీసిపెట్టదు కాబట్టి దానికి అభ్యంతరం లేదు. పదకొండో ఫ్రేమ్ ముప్పాతిక భాగం దాటి రాసేసరికి ఇవ్వడానికి పేజీ లేదు, అప్పుడు కెర్నెల్ పంపేది సిగ్‌బస్, అదే బస్ ఎర్రర్. నా ల్యాప్‌టాప్‌లో కంటైనర్ లేదు, మామూలు లినక్స్‌లో /డెవ్/షమ్ పరిమితి సాధారణంగా ర్యామ్‌లో సగం ఉంటుంది, అందుకే అక్కడ తెలియలేదు. కంటైనర్ మొదలుపెట్టేటప్పుడు షమ్-సైజ్ ఆప్షన్‌తో 256 ఎంబీ ఇచ్చాను, అంతకంటే ముఖ్యంగా ఎఫ్‌ట్రంకేట్ తర్వాత పోసిక్స్_ఫాలొకేట్ పిలవడం అలవాటు చేసుకున్నాను. అది పేజీలన్నీ అప్పుడే తీసిపెట్టేస్తుంది, చోటు లేకపోతే స్టార్ట్ అయ్యేటప్పుడే ఎర్రర్ తిరిగి ఇస్తుంది, అర్ధరాత్రి లారీ కాటా మీద ఉండగా చావదు.

మీకు నిన్నటి విలువలు ఎందుకు కనిపించాయో ఇప్పుడు చూద్దాం. షమ్‌గెట్‌తో తీసుకున్న సెగ్మెంట్ ప్రాసెస్‌ది కాదు, కెర్నెల్‌ది. ప్రోగ్రామ్ అయిపోయినా, క్రాష్ అయినా, మీరు షమ్‌సీటీఎల్‌తో తీసేయమని చెప్పేదాకా లేదా మెషీన్ రీబూట్ అయ్యేదాకా అది అలాగే ఉంటుంది. అదే కీతో (సెగ్మెంట్‌ని గుర్తుపట్టే అంకెతో) మర్నాడు అడిగితే పాత సెగ్మెంటే, పాత విలువలతోనే, మీ చేతికి వస్తుంది. షమ్_ఓపెన్‌కి కూడా ఇదే వర్తిస్తుంది, షమ్_అన్‌లింక్ పిలవకపోతే పేరూ ఉంటుంది, మెమరీ కూడా ఉంటుంది. తేడా ఏంటంటే దీన్ని ఎల్ఎస్ కొట్టి చూడొచ్చు, ఆర్ఎం కొట్టి తీసేయొచ్చు. అన్‌లింక్ చేయగానే పేరు మాత్రమే పోతుంది, మ్యాప్ చేసుకున్నవాళ్లు అందరూ వదిలాకే మెమరీ కెర్నెల్‌కి తిరిగి వెళ్తుంది, కాబట్టి కావలసిన ప్రాసెస్‌లన్నీ తెరిచేశాయని తెలిస్తే వెంటనే అన్‌లింక్ చేసేసినా నష్టం లేదు, ఎలా చచ్చినా చెత్త మిగలదు. విండోస్‌లో ఈ ఇబ్బంది తక్కువ, అక్కడ ఫైల్ మ్యాపింగ్ ఆబ్జెక్ట్‌ని పట్టుకున్న హ్యాండిళ్లూ వ్యూలూ అన్నీ పోగానే అదీ పోతుంది.

ఈ చెత్త ఎంతదాకా పోతుందో ఒకసారి విజయవాడలో ఒక కాలేజీ ల్యాబ్‌లో చూశాను. పిల్లలందరూ ఒకే సర్వర్‌లో లాగిన్ అయి షేర్డ్ మెమరీ ప్రాక్టికల్ చేస్తారు. సెమిస్టర్ చివర్లో ఎవరు షమ్‌గెట్ పిలిచినా "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని వస్తోంది. డిస్క్ నిండిందనుకుని రెండు రోజులు పాత ఫైళ్లు తీసేస్తూ కూర్చున్నారు, డిస్క్‌లో చూస్తే సగం ఖాళీ. నన్ను పిలిస్తే ఐపీసీఎస్ -ఎం కొట్టాను, తెర మీద జాబితా ఆగకుండా పోతూనే ఉంది. లినక్స్‌లో సెగ్మెంట్ల సంఖ్యకి డిఫాల్ట్ పరిమితి 4096, అది నిండిపోయింది. దాదాపు అన్నిటికీ అటాచ్ అయిన ప్రాసెస్‌ల సంఖ్య సున్నా. పిల్లలు రాసిన ప్రోగ్రాముల్లో కీ స్థానంలో ఐపీసీ_ప్రైవేట్ అని ఉంది, పేరు చూసి ఏదో భద్రత అనుకున్నారు పాపం, దాని అర్థం ప్రతిసారీ కొత్త సెగ్మెంట్ ఇవ్వమని. తీసేసే లైన్ మాన్యువల్లోనే లేదు. ఆ మాన్యువల్ ఇప్పటికీ మారలేదు, మీ చేతిలో ఉన్నదీ అలాంటిదే అనిపిస్తోంది.

కీ కోసం ఎఫ్‌టాక్ వాడే అలవాటు కూడా ఉంటుంది. అది మీరిచ్చిన ఫైల్ ఐనోడ్ నంబర్లో (ఫైల్ సిస్టమ్ ఆ ఫైల్‌కి ఇచ్చే గుర్తింపు అంకెలో) కింది 16 బిట్లూ, డివైస్ నంబర్ నుంచి 8 బిట్లూ, మీరిచ్చిన అంకె నుంచి 8 బిట్లూ కలిపి కీ చేస్తుంది. ఫైల్ తీసేసి మళ్లీ సృష్టిస్తే ఐనోడ్ మారొచ్చు, కీ మారిపోతుంది, రెండు ప్రాసెస్‌లు వేర్వేరు సెగ్మెంట్లు పట్టుకుని ఒకదానికొకటి కనబడక కూర్చుంటాయి.

అలాగని సిస్టమ్ ఫైవ్ పద్ధతి, అంటే ఈ షమ్‌గెట్ పద్ధతి, చచ్చిపోలేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 2013లో 9.3 వెర్షన్ వచ్చేదాకా తన మెమరీ మొత్తాన్ని షమ్‌గెట్‌తోనే తీసుకునేది. అప్పటి లినక్స్‌లో ఒక సెగ్మెంట్ గరిష్ఠ సైజు డిఫాల్ట్‌గా 32 ఎంబీ, అందుకని డేటాబేస్ పెట్టిన ప్రతివాడూ ముందు కెర్నెల్ సెట్టింగ్ మార్చాల్సి వచ్చేది, నేనూ చాలాసార్లు మార్చాను. 9.3లో పెద్ద భాగాన్ని అనానిమస్ ఎమ్‌మ్యాప్‌కి మార్చారు, ఆ తలనొప్పి పోయింది. కానీ ఒక చిన్న సిస్టమ్ ఫైవ్ సెగ్మెంట్‌ని మాత్రం ఉంచుకున్నారు. ఎందుకంటే ఎన్ని ప్రాసెస్‌లు అటాచ్ అయ్యాయో కెర్నెల్ దానికి లెక్క ఉంచుతుంది, పాత సర్వర్ తాలూకు ప్రాసెస్ ఇంకా బతికుండగా అదే డేటా మీద కొత్త సర్వర్ లేవకుండా ఆపడానికి ఆ లెక్క కావాలి. పోసిక్స్ పద్ధతిలో, అంటే షమ్_ఓపెన్ పద్ధతిలో, అలాంటి లెక్క లేదు. కొత్త కోడ్‌లో షమ్‌గెట్ వాడటానికి నాకు ఒప్పుకోదగ్గ కారణం ఇదొక్కటే.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది మాత్రం ఒక కోల్డ్ స్టోరేజీలో జరిగింది. గదుల ఉష్ణోగ్రతలు సెన్సర్ల నుంచి చదివే ప్రాసెస్ ఒకటి, వాటిని ఆఫీసులో టీవీ మీద చూపించేది ఒకటి, హద్దు దాటితే ఎస్ఎంఎస్ పంపేది ఒకటి, మూడూ ఒకే షేర్డ్ మెమరీ మీద. అందులో ఒక మ్యూటెక్స్, అంటే ఒకసారికి ఒక్కరే పట్టుకోగల తాళం. ఒక రాత్రి సెన్సర్ ప్రాసెస్ మ్యూటెక్స్ పట్టుకుని ఉండగా క్రాష్ అయింది. మ్యూటెక్స్ షేర్డ్ మెమరీలో ఉంది, పట్టుకున్నవాడు చచ్చాడని దానికి తెలియదు, తాళం వేసినట్టే ఉండిపోయింది. టీవీ ప్రాసెస్ తాళం కోసం ఎదురు చూస్తూ ఆగిపోయింది, చివరగా గీసిన అంకెలు తెర మీద అలాగే ఉన్నాయి, ఎస్ఎంఎస్ ప్రాసెస్ కూడా అక్కడే ఆగిపోయింది. తెర చూసినవాళ్లకి అన్నీ బాగానే ఉన్నాయి. తెల్లవారుజామున రౌండ్‌కి వెళ్లిన వాచ్‌మన్‌కి ఒక గదిలో చల్లదనం తగ్గిందని అనుమానం వచ్చి ఆపరేటర్‌ని లేపాడు కాబట్టి సరిపోయింది. ఆ గదిలో ఉన్నది రైతులు ధర కోసం దాచుకున్న టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏడాది కష్టం. ఆ ఫోన్ వచ్చిన పొద్దున నేను విజయవాడ నుంచి బయల్దేరి గుంటూరు చేరేదాకా ఎలా వెళ్లానో నాకు గుర్తులేదు.

అప్పటినుంచి రెండు పనులు చేయకుండా కోడ్ బయటికి పంపను. మొదటిది, మ్యూటెక్స్‌కి ప్రాసెస్-షేర్డ్ ఆట్రిబ్యూట్ ఒక్కటే చాలదు, రోబస్ట్ కూడా పెట్టాలి. అప్పుడు పట్టుకున్న ప్రాసెస్ చచ్చిపోతే, తర్వాత లాక్ అడిగినవాడికి తాళం దొరుకుతుంది, దాంతోపాటు ఈఓనర్‌డెడ్ అనే కోడ్ వస్తుంది. అది వచ్చిందంటే లోపలి డేటా సగంలో ఉండొచ్చని అర్థం, దాన్ని సరిచేసి పీథ్రెడ్_మ్యూటెక్స్_కన్సిస్టెంట్ పిలవాలి, ఆ తర్వాతే అన్‌లాక్. పిలవకుండా అన్‌లాక్ చేస్తే ఆ మ్యూటెక్స్ శాశ్వతంగా పనికిరాకుండా పోతుంది. పోసిక్స్ సెమాఫోర్ అనే ఇంకో రకం తాళానికి ఈ సదుపాయం లేదు, పట్టుకున్నవాడు చస్తే అందరూ ఆగిపోవడమే.

రెండోది, రాసేవాడు ప్రతిసారీ డేటాతోపాటు మోనోటోనిక్ గడియారం (ఎప్పుడూ వెనక్కి తిరగని గడియారం) సమయం కూడా రాయాలి, చదివేవాడు తాళం కోసం కూడా గడువు పెట్టుకునే ఎదురు చూడాలి, దొరికాక ఆ సమయం ఎంత పాతదో చూడాలి. 30 సెకన్లు దాటితే ఇప్పుడు మా తెర మీద అంకె బదులు ఎర్రగా "డేటా రావడం లేదు" అని పడుతుంది. పాత అంకెని కొత్తదానిలా చూపించడం కంటే ఏమీ చూపించకపోవడమే నయం, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. షేర్డ్ మెమరీ లోపల పాయింటర్లు దాచకండి, ఒకే మెమరీ రెండు ప్రాసెస్‌లలో వేర్వేరు అడ్రస్‌ల దగ్గర మ్యాప్ అవుతుంది, బ్రాడీపేట అరండల్‌పేట కథే మళ్లీ. మొదటి బైట్ నుంచి ఎంత దూరమో ఆ ఆఫ్‌సెట్ దాచండి. సీ ప్లస్ ప్లస్ స్ట్రింగ్, వెక్టర్ లాంటివి నేరుగా అందులో పెడితే లోపల వాటి పాయింటర్లు ఉంటాయి, అదే తప్పు. స్ట్రక్చర్‌లో లాంగ్ లాంటివి కాకుండా సైజు కచ్చితంగా తెలిసిన టైపులు వాడండి, మొదట్లో ఒక వెర్షన్ నంబర్ పెట్టండి, ఒక ప్రోగ్రామ్ మాత్రమే కొత్తది వేసి ఇంకోటి పాతది ఉంచిన రోజున అదే మిమ్మల్ని కాపాడుతుంది. వోలటైల్ అని రాసినంత మాత్రాన ప్రాసెస్‌ల మధ్య భద్రత రాదు, లాక్ గానీ అటామిక్ గానీ ఉండాల్సిందే. టాప్ కమాండ్‌లో మూడు ప్రాసెస్‌లూ 60 ఎంబీ చొప్పున చూపిస్తే 180 అనుకోకండి, అవే పేజీలు మూడుసార్లు లెక్కకొస్తాయి. పైథాన్‌లో 3.8 నుంచి షేర్డ్_మెమరీ మాడ్యూల్ ఉంది, అక్కడా క్లోజ్ వేరు, అన్‌లింక్ వేరు.

అసలు మీకు షేర్డ్ మెమరీ కావాలా అని కూడా ఆలోచించండి. సెకనుకి పది అంకెలు పంపడానికైతే పైప్ లేదా యూనిక్స్ సాకెట్ చాలు, తాళాల గొడవ లేదు, అవతలివాడు చస్తే రీడ్‌లోనే తెలిసిపోతుంది. కోల్డ్ స్టోరేజీ పని ఇప్పుడు మొదలుపెడితే నేను సాకెట్‌తోనే రాస్తాను. కెమెరా ఫ్రేములకైతే మాత్రం షేర్డ్ మెమరీయే.

మీ ప్రాజెక్టులో లెక్కలు కట్టే ప్రోగ్రామ్‌కి సృష్టించే బాధ్యత ఇవ్వండి. అది మొదలయ్యేటప్పుడు పాత పేరు ఉంటే ముందు అన్‌లింక్ చేసి కొత్తగా తీసుకోవాలి, ముగిసేటప్పుడు మళ్లీ అన్‌లింక్ చేయాలి. చూపించేది తెరిచి చదవడం మాత్రమే చేయాలి, ఎమ్‌మ్యాప్‌లో దానికి రీడ్ పర్మిషన్ ఒక్కటే ఇవ్వండి. అయితే మ్యూటెక్స్ తాళం వేయాలన్నా రాయాల్సిందే కాబట్టి, దాన్ని ఇంకో చిన్న మెమరీలో విడిగా పెట్టి దానికి మాత్రం రైట్ ఇవ్వాలి. ముందుగా ఈరోజు ల్యాబ్ మెషీన్‌లో ఐపీసీఎస్ -ఎం కొట్టి, మీ యూజర్ పేరు పక్కన అటాచ్ సంఖ్య సున్నా ఉన్నవాటిని ఐపీసీఆర్ఎం -ఎం తో ఐడీ ఇచ్చి తీసేయండి. ఆ తర్వాత కూడా పాత విలువలు వస్తుంటే కోడ్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.